టీనేజ్ క్రైమ్ థ్రిల్లర్లు: ఈ పరుగు ఫోన్లతో మొదలవలేదు

నాలుగు పేజీల చాప్టర్, చివరి లైన్లో చనిపోయిన అమ్మాయి నంబర్ నుంచి మెసేజ్ వస్తుంది. టైమ్ అర్ధరాత్రి దాటింది, పొద్దున్నే పరీక్ష, అయినా ఇదొక్కటి చదివేసి పడుకుంటా అనుకుంటాం, ఆ ఒక్కటి కాస్తా తొమ్మిది అవుతాయి. టీనేజర్ల కోసం రాసే క్రైమ్ థ్రిల్లర్ పట్టుకున్న ఎవరికైనా ఇది అనుభవమే. వీటి మాటెత్తితే చాలు "ఫోన్లొచ్చాక పిల్లలకి ఓపిక పోయింది, అందుకే ఇలాంటి ఉరుకులు పరుగుల పుస్తకాలు అమ్ముడవుతున్నాయి" అని తేల్చేస్తారు కొందరు. నాకైతే అది సగం కూడా నిజం కాదనిపిస్తుంది. పిల్లలు తమ డబ్బుతో తామే కథ కొనుక్కోవడం మొదలెట్టిన రోజు నుంచీ ఈ పరుగు ఉంది.

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండ్‌లో పెన్నీ డ్రెడ్‌ఫుల్స్ అని వచ్చేవి. ఒక పెన్నీ పెడితే వారానికో భాగం, నాసిరకం కాగితం, పైన ఒక భయంకరమైన బొమ్మ, లోపల దొంగలూ హంతకులూ. అప్పుడప్పుడే చదువు నేర్చిన కూలీల ఇళ్ళ కుర్రాళ్ళు వీటి మీద పడిపోయేవాళ్ళు, ఆ పెన్నీ కూడా లేకపోతే నలుగురు కలిసి ఒక కాపీ కొని మార్చి మార్చి చదువుకునేవాళ్ళు. కుర్రాడు వచ్చేవారం మళ్ళీ పెన్నీ తీయాలంటే ఈ వారం కథ మంచి పట్టు మీద ఆగాలి, రాసేవాడి పొట్ట దాని మీదే ఆధారపడి ఉంది. సముద్రం అవతల అమెరికాలో 1860 నుంచి డైమ్ నావెల్స్ అనే చవక నవలలు ఇదే పని చేశాయి, 1886లో నిక్ కార్టర్ అనే డిటెక్టివ్ వచ్చాక నేరం కథకి అక్కడ తిరుగే లేకుండా పోయింది.

పెద్దల గోల కూడా అప్పటి నుంచే ఉంది. 1895లో లండన్ తూర్పు వైపు ప్లేస్టోలో రాబర్ట్ కూంబ్స్ అనే 13 ఏళ్ళ కుర్రాడు తల్లిని చంపేశాడు, ఇంట్లో వెతికితే ఈ చవక పుస్తకాలు దొరికాయి, ఇంకేముంది, నేరం వాటిదే అన్నారు పత్రికలవాళ్ళు. కుర్రాణ్ణి బ్రాడ్‌మూర్ పిచ్చాసుపత్రికి పంపారు. అందరూ అక్కడితో కథ ఆపేస్తారు గానీ అతను తర్వాత విడుదలై ఆస్ట్రేలియా వెళ్ళి, మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డవాళ్ళని స్ట్రెచర్ మీద మోసే పని చేసి మిలిటరీ మెడల్ తెచ్చుకున్నాడు. పుస్తకాలే మనిషిని హంతకుణ్ణి చేస్తే మరి ఈ మెడల్ ఏ పుస్తకం చదివితే వచ్చిందో.

ఇక అసలు మలుపు అమెరికాలో పిల్లల కథలు రాసే ఎడ్వర్డ్ స్ట్రాటెమేయర్. ఇతను 1905 ప్రాంతంలో పెట్టిన సిండికేట్ నిజానికి ఒక కథల ఫ్యాక్టరీ. కథ మొత్తం రెండు మూడు పేజీల్లో తనే వేసి ఒక ఘోస్ట్ రైటర్‌కి ఇచ్చేవాడు, వాళ్ళు దాన్ని నవలగా పెంచి ఇచ్చేవాళ్ళు, ఒకేసారి కొంత డబ్బు తీసుకుని హక్కులన్నీ రాసిచ్చేయాలి, పైన పేరు మాత్రం అసలు భూమ్మీద లేని ఒక రచయితది. ధర 50 సెంట్లు, అంటే పిల్లలు దాచుకున్న డబ్బుతో కొనుక్కునేంత. 1927లో హార్డీ బాయ్స్, 1930 ఏప్రిల్‌లో నాన్సీ డ్రూ అనే టీనేజ్ డిటెక్టివ్ సిరీస్‌లు ఇలాగే వచ్చాయి. నాన్సీ డ్రూ మొదటి పుస్తకాలు బయటికొచ్చిన రెండు వారాలకే ఆయన పోయాడు, కూతుళ్ళు వ్యాపారం అందుకున్నారు. ఆ మొదటి నాన్సీ పుస్తకాలు రాసింది మిల్‌డ్రెడ్ వర్ట్ బెన్సన్, ఒక్కోదానికి ఆవిడకి ముట్టింది 125 డాలర్లు, వాటి మీద ఉండే కరోలిన్ కీన్ అనే పేరు వెనక ఉన్నది తనేనని లోకానికి గట్టిగా తెలిసింది మాత్రం 1980లో ఒక కోర్టు కేసులో సాక్ష్యం చెప్పినప్పుడే. లక్షల మంది పిల్లలు చదివిన మిస్టరీ పుస్తకాల్లో యాభై ఏళ్ళు తేలని మిస్టరీ రచయితదే అన్నమాట.

పెద్దలకి ఇవీ నచ్చలేదు. 1914లోనే అమెరికా బాయ్ స్కౌట్స్ తరఫున ఫ్రాంక్లిన్ మాథ్యూస్ అనే ఆయన ఈ 50 సెంట్ల పుస్తకాలు పిల్లల మెదళ్ళని పేల్చేస్తున్నాయని వ్యాసం రాశాడు, చాలా లైబ్రరీలు వీటిని గుమ్మం తొక్కనివ్వలేదు. పిల్లలు ఎక్కడ ఆగారు?

1959లో ఇంకో సంగతి జరిగింది, ఇది నాకు భలే ముఖ్యం అనిపిస్తుంది. సిండికేట్ వాళ్ళు పాత నాన్సీ, హార్డీ పుస్తకాలన్నీ మళ్ళీ రాయించడం మొదలెట్టారు. జాతుల గురించి ఉన్న చెత్త మాటలు తీసేయడం ఒక కారణం, మంచి పనే. కానీ దాంతో పాటు వర్ణనలు కోసేసి, 25 చాప్టర్ల పుస్తకాన్ని 20కి కుదించి కథని పరుగెత్తించారు, ఇళ్ళలోకి టీవీ వచ్చేసింది మరి. పాత నాన్సీ అభిమానులు ఇప్పటికీ ఈ కోత మీద మండిపడతారు.

అంతవరకూ ఈ పుస్తకాల్లో నేరం అంటే దొంగతనం, దాచిన వీలునామా, స్మగ్లింగ్, దొంగ ఎప్పుడూ బయటివాడు. ఇది మారింది 60ల చివర్లో. అమెరికా లైబ్రరీ అసోసియేషన్ 1957లోనే యంగ్ అడల్ట్, అంటే టీనేజ్ పాఠకుల కోసం వేరే విభాగం పెట్టింది గానీ ఆ అలమారలో పెట్టడానికి సరుకు తక్కువ. 1967లో ఎస్.ఇ. హింటన్ మొదటి నవల వచ్చింది, రాయడం మొదలెట్టినప్పుడు ఆమెకి 15, పుస్తకం చేతికొచ్చేసరికి 18. అది డిటెక్టివ్ కథ కాదు, కానీ అందులో కుర్రాళ్ళు కత్తి తీస్తారు, మనిషి చస్తాడు, పెద్దవాళ్ళు దాదాపు కనపడరు. ఆ తలుపు తెరుచుకున్నాక 1973లో లోయిస్ డంకన్ రాసిన నవలలో నేరం చేసింది టీనేజర్లే, కారుతో ఒక పిల్లాణ్ణి గుద్ది, అది తమ పనేనని బయటపడకుండా దాచేస్తారు. 1977లో రాబర్ట్ కార్మియర్ ఒక కుర్రాడి కథని సగం టేపుల్లో రికార్డయిన ప్రశ్నలూ జవాబులుగా నడిపించాడు. ఇప్పటి థ్రిల్లర్లలో చాట్లూ ట్రాన్స్‌క్రిప్టులూ చూసి కొత్త టెక్నిక్ అనుకునేవాళ్ళు ఒకసారి ఆ పుస్తకం తిరగేయాలి.

80ల్లో క్రిస్టఫర్ పైక్, 1989 నుంచి ఆర్.ఎల్. స్టైన్ రాసిన ఫియర్ స్ట్రీట్ అనే టీనేజ్ హారర్ థ్రిల్లర్ల సిరీస్. మళ్ళీ చవక పేపర్‌బ్యాకులు, మళ్ళీ పిల్లల సొంత డబ్బు, కాబట్టి మళ్ళీ చాప్టర్ చాప్టర్‌కి ఒక కేక. అదే ఏడాది అమెరికా మిస్టరీ రచయితల సంఘం తన ఎడ్గర్ అవార్డుల్లో యంగ్ అడల్ట్‌కి విడిగా ఒకటి పెట్టింది, అంటే గుమ్మంలోకే రానివ్వనన్న సరుకుకి లోపల పీట వేశారు.

ఇప్పటి ఊపుకి దగ్గరి కారణం మాత్రం పుస్తకం కూడా కాదు, 2014లో వచ్చిన సీరియల్ అనే పాడ్‌కాస్ట్. 1999లో బాల్టిమోర్‌లో హత్యకి గురైన ఒక హైస్కూల్ అమ్మాయి కేసు, శిక్ష కూడా పడిపోయింది, దాన్ని ఒక జర్నలిస్ట్ వారం వారం మళ్ళీ తవ్వుతుంటే జనం వచ్చే ఎపిసోడ్ కోసం కాచుక్కూర్చున్నారు, అచ్చం పెన్నీ కుర్రాళ్ళలాగే. తర్వాత 2017లో కరెన్ మెక్‌మానస్ నవలలో స్కూల్ డిటెన్షన్‌లో, అంటే శిక్షగా స్కూల్ అయ్యాక ఆపేస్తే కూర్చున్న అయిదుగురిలో ఒకడు చనిపోతాడు, మిగతా నలుగురూ అనుమానితులే. 2019లో హాలీ జాక్సన్ నవలలో పోలీసులు మూసేసిన హత్య కేసుని ఒక అమ్మాయి స్కూల్ ప్రాజెక్టుగా మళ్ళీ తెరుస్తుంది. ఇక్కడే నాకు అసలు ఆకర్షణ కనపడుతుంది. స్పీడు పేజీ తిప్పిస్తుంది, కరెక్టే, కానీ పదహారేళ్ళ వయసులో మనిషిని పట్టి కూర్చోబెట్టేది పెద్దవాళ్ళు తేల్చేసిన సంగతి తప్పయి ఉండొచ్చు అన్న అనుమానం, పక్కన కూర్చునే ఫ్రెండ్‌ని నిజంగా నమ్మొచ్చా అన్న భయం. ఆ వయసులో రోజూ తినేసే ప్రశ్నలే ఇవి, థ్రిల్లర్ వాటికి ఒక శవాన్ని జోడిస్తుంది అంతే.

ఫోన్ల సంగతికొస్తే, 2010 ప్రాంతంలో లోయిస్ డంకన్ పాత థ్రిల్లర్లని ఈ కాలం పిల్లల కోసం మార్చి మళ్ళీ వేశారు, మార్పులు ఆవిడే చేసింది. బట్టలూ మాటలూ మార్చడం తేలికే, చిక్కంతా సెల్‌ఫోన్‌తోనే వచ్చింది. ఆపదలో ఉన్న పిల్ల జేబులో ఫోన్ ఉంటే ఒక్క కాల్‌తో కథ అయిపోతుంది కదా, అందుకని ఆ ఫోన్ పనిచేయకుండా ఉండటానికి కొత్తగా కారణాలు అల్లాల్సి వచ్చింది.