ఎదురుపడని మందుల మధ్య పోటీ

ఒకే జబ్బుకు పది మందులుంటే ఏది మేలు? రోగి అడిగేది ఇదే. క్లినికల్ ట్రయల్స్ మాత్రం చాలాసార్లు వేరే ప్రశ్నకు జవాబిస్తాయి. అనుమతి కోసం కంపెనీ తన మందు ఉత్తుత్తి మాత్ర కంటే నయమని చూపితే తరచూ సరిపోతుంది. పోటీ మందుతో తలపడి ఓడిపోవాలని ఎవరికుంటుంది?

విడివిడి ఫలితాలను కలిపి లెక్కకట్టడం పాత విద్యే. 1904లో గణాంకవేత్త కార్ల్ పియర్సన్ టైఫాయిడ్ టీకాపై బ్రిటిష్ సైనికుల లెక్కలను అలాగే పరిశీలించాడు. భారత్‌లోని దళాల అంకెలూ అందులో ఉన్నాయి. 1976లో జీన్ గ్లాస్ ఈ పద్ధతికి మెటా ఎనాలిసిస్ అని పేరు పెట్టాడు. అయితే అది ఒకసారికి రెండు చికిత్సలనే తూచేది.

1997లో బుషర్ అనే పరిశోధకుడి బృందం, నేరుగా తలపడని మందులను పోల్చడానికి ఒక దారి చూపింది. హెచ్‌ఐవీ రోగులకు వచ్చే ఒక రకం న్యుమోనియాను ఆపడానికి కోట్రైమోక్సజోల్ మేలా, డాప్సోన్-పైరిమెథమిన్ జోడీ మేలా? రెండింటినీ పీల్చే పెంటామిడిన్‌తో పోల్చిన ట్రయల్స్ ఉన్నాయి. ఒక ట్రయల్ రోగులను తెచ్చి మరో ట్రయల్ రోగుల పక్కన నిలబెడితే ఎవరికి ఏ మందు అన్నది లాటరీ పద్ధతిలో పంచి రెండు గుంపులనూ సమానం చేసిన శ్రమ వృథా అవుతుంది. అందుకే వాళ్లు ప్రతి ట్రయల్‌లోనూ పెంటామిడిన్‌తో ఉన్న తేడానే తీసుకుని, ఆ తేడాల మధ్య తేడా కట్టారు. కోట్రైమోక్సజోల్ వైపు ఆడ్స్ నిష్పత్తి 0.37 వచ్చింది (జబ్బు వచ్చే అవకాశాల పోలిక ఇది; 1 వస్తే రెండూ సమానం, తగ్గేకొద్దీ కోట్రైమోక్సజోల్ మేలు). నేరుగా పోల్చిన ట్రయల్స్‌లో అది 0.64. మొగ్గు ఒకవైపే, కానీ చుట్టుదారి లాభాన్ని బాగా పెంచి చూపింది. పైగా అనిశ్చితి రెండు వైపుల నుంచీ వచ్చి కలుస్తుంది. ట్రయల్స్ అన్నీ ఒకే పరిమాణంలో ఉంటే, నేరుగా పోల్చిన ఒక్క ట్రయల్ ఇచ్చే కచ్చితత్వానికి చుట్టుదారిలో నాలుగు కావాలి.

2002లో లమ్లీ, 2004లో లూ, ఏడ్స్ అనే పరిశోధకులు నేరు పోలికలనూ చుట్టుదారి పోలికలనూ ఒకే వలగా అల్లారు. దీన్నే నెట్‌వర్క్ మెటా ఎనాలిసిస్ అంటారు. 2018లో సిప్రియాని బృందం 21 కుంగుబాటు మందులను 522 ట్రయల్స్‌లోని 1,16,477 మంది ఆధారంగా పోల్చింది. 21 మందులంటే 210 జంటలు. ఒక్కో జంటకు విడిగా ట్రయల్ ఎవరు పెడతారు?

చిక్కంతా పోలికకు వచ్చిన రోగుల్లోనే ఉంది. ఒక ట్రయల్‌లో జబ్బు ముదిరినవాళ్లు, మరోదానిలో కొత్తగా పడ్డవాళ్లు ఉంటే వల వంకర తిరుగుతుంది. 2011లో ర్యాంకులు కట్టే ఒక సూచీ కూడా వచ్చింది. నాకు దానిపై పెద్దగా నమ్మకం లేదు: మొదటి మందుకూ నాలుగోదానికీ తేడా దాదాపు లేకపోయినా పట్టికలో మూడు మెట్లు కనిపిస్తాయి. ఇలాంటి అధ్యయనాలను ఎలా రాయాలో చెప్పే 2015 నాటి మార్గదర్శకాలు వల బొమ్మను తప్పక గీయమన్నాయి. మందుకో చుక్క, నేరుగా తలపడ్డ జంటకో గీత. పట్టిక కంటే ముందు నేను చూసేది ఆ బొమ్మే, గీతలు లేని చోట్ల కోసం.