చందుర్తి చేను నుంచి ట్రలీ బారకాసుల దాకా: సొంతూరు లేని పటాలం కథ

బ్రిటిష్ సైన్యంలో ఒకప్పుడు రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలీర్స్ అనే పటాలం ఉండేది. మన్‌స్టర్ ఐర్లండ్‌కు నైరుతి మూల: వాన, పచ్చిక, పాడి, బంగాళాదుంప. ఆ పటాలం జెండాకు అది గెలిచిన యుద్ధాల పేర్లు వరసగా ఉండేవి. మొదటిది ప్లాసీ. రెండోది కాండోర్. మూడోది మసూలీపటాం. మూడోది చదవగానే మన మచిలీపట్నమని తెలిసిపోతుంది. రెండోది ఎన్నిసార్లు పలికి చూసినా అంతుపట్టదు. ఇప్పటి కాకినాడ జిల్లా గొల్లప్రోలు మండలంలో ఉన్న చందుర్తి దగ్గర జరిగిన యుద్ధానికి ఇంగ్లిష్ వాళ్ళు పెట్టుకున్న పేరది.

ఆ యుద్ధం నాటికి ఆ పటాలానికీ మన్‌స్టర్‌కూ ఏ చుట్టరికమూ లేదు. 123 ఏళ్ళ తర్వాత లండన్‌లో కాగితం మీద కలిపారు. కలిపిన 41 ఏళ్ళకు తెంచేశారు. ఈ నడుమ కాలంలో ఆ కాగితపు బంధం నెత్తుటి బంధమైపోయింది. ఐర్లండ్‌లో ఇప్పటికీ యుద్ధ మృతులను తలుచుకునే నవంబర్ వచ్చేసరికి, బ్రిటిష్ యూనిఫాంలో చనిపోయిన ఐరిష్ వాళ్ళకు నివాళి పట్టాలా వద్దా అన్న వాదన లేస్తుంది. దాని మూలం వెతికితే ఇలాంటి పటాలాల చరిత్రలోనే దొరుకుతుంది.

అసలు పుట్టుక బెంగాల్‌లో. 1756లో కలకత్తాను సిరాజుద్దౌలా పట్టుకున్నాక, దాన్ని తిరిగి గెలవడానికి వెళ్ళిన క్లైవ్ అక్కడ దొరికిన తెల్ల సైనికులను పోగుచేసి కట్టిన దండు ఇది. బెంగాల్ యూరోపియన్ రెజిమెంట్ అన్నారు. రాజుగారి సైన్యం కాదు, ఈస్టిండియా కంపెనీ జీతం తినే సైన్యం. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, వందేళ్ళ తర్వాత అదే పెద్ద గొడవకు దారి తీసింది.

1757 జనవరిలో బొబ్బిలి కోట కూలింది. విజయనగరం విజయరామరాజు పక్షాన నిలిచి ఆ కోటను కూల్చింది ఫ్రెంచి సేనాని బుస్సీ. విజయరామరాజును తాండ్ర పాపారాయుడు పొడిచి చంపాడు. తర్వాత గద్దెనెక్కిన ఆనందగజపతికి ఫ్రెంచి వాళ్ళతో పొసగలేదు. 1758లో ఆయన విశాఖపట్నం నుంచి వాళ్ళను వెళ్ళగొట్టి, ఇంగ్లిష్ వాళ్ళకు కబురు పెట్టాడు. క్లైవ్ వెంటనే కర్నల్ ఫోర్డ్‌ను ఓడ ఎక్కించాడు. ఫోర్డ్ వెంట వచ్చినవాళ్ళు ఐదు వందల మంది దాకా తెల్ల సైనికులు, సుమారు రెండు వేల మంది సిపాయిలు. ఎదురుగా కాన్‌ఫ్లాన్ నాయకత్వంలో దాదాపు అంతే మంది ఫ్రెంచి సైనికులు, మూడింతల సిపాయిలు.

బొబ్బిలి యుద్ధం మనకు బుర్రకథ. చందుర్తి యుద్ధం మాత్రం పోటీ పరీక్షల్లో ఒక మార్కు బిట్టు. అన్యాయమనే చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు జరిగింది ఏ కథకుడైనా కళ్ళకద్దుకునేంత విచిత్రం.

డిసెంబర్ నెల. మనిషిని దాచేంత ఎత్తు పెరిగిన చేను ఒకటి యుద్ధభూమి మధ్యలో ఉంది. ఇంగ్లిష్ బెటాలియన్ సరిగ్గా దాని వెనక ఆగడంతో అవతలివాళ్ళకు కనిపించలేదు. అటూ ఇటూ నిలబడిన సిపాయిలు మాత్రం కనిపించారు. దక్షిణాదిలో అప్పటికి కంపెనీ సిపాయిలు నాటు దుస్తుల్లోనే ఉండేవారు. బెంగాల్ నుంచి వచ్చిన సిపాయిలకు క్లైవ్ ఎర్రకోట్లు తొడిగించాడు. ఆ సంగతి ఫ్రెంచి వాళ్ళకు తెలియదు. ఎర్రకోట్లు చూసి, అవే తెల్ల పలటన్లని నమ్మి, తమ బలమంతా అటు మళ్ళించారు. సిపాయిలు తట్టుకోలేక వెనక్కి తగ్గారు. గెలిచేశామనుకుని ఫ్రెంచి వాళ్ళు ముందుకు ఉరికేసరికి, చేను వెనక నుంచి అసలు ఇంగ్లిష్ బెటాలియన్ బయటికొచ్చి పక్క నుంచి కాల్పులు మొదలుపెట్టింది. అంతటితో యుద్ధం తీరు మారిపోయింది. ఉత్తర సర్కారుల భవితవ్యం ఒక రైతు పంట చాటున తేలిపోయిందంటే అతిశయోక్తి కాదు. ఆ రైతుకు పంట నష్టం ఎవరైనా కట్టారా అని మాత్రం అడగకూడదు.

అక్కడి నుంచి మచిలీపట్నం. చుట్టూ బురద నేల, మధ్యలో కోట, కోటలో ఫ్రెంచి దళం. బెజవాడ దాకా వచ్చి కూర్చున్న హైదరాబాద్ పాలకుడు సలాబత్ జంగ్ సైన్యం మరోవైపు. ఆ సమయంలో, 1759 మార్చిలో, ఫోర్డ్ తెల్ల సైనికులు ఆయుధాలతో బయటికొచ్చి తిరగబడ్డారు. జీతం లేదు, దోపిడీ సొమ్ములో వాటా తేలలేదు, ఇలాగైతే మా దారి మాదే అన్నారు. కోట పడితే దొరికిన సొమ్ము పంచుతామని మాట ఇచ్చి ఫోర్డ్ వాళ్ళను నిలబెట్టుకున్నాడు. ఏప్రిల్ 7 రాత్రి బురదలో నడిచి వెళ్ళి ముట్టడించారు. తెల్లవారేసరికి కోట వశమైంది. లొంగిపోయినవాళ్ళ సంఖ్య గెలిచినవాళ్ళ సంఖ్య కంటే ఎక్కువ. మే 14న సలాబత్ జంగ్ మచిలీపట్నం, నిజాంపట్నం ప్రాంతాలను ఇంగ్లిష్ వాళ్ళకు రాసిచ్చాడు. తెలుగు నేల మీద కంపెనీ రాజ్యానికి పునాది అలా పడింది.

తర్వాతి వందేళ్ళూ ఈ పటాలం ఉత్తర భారతమంతా, అఫ్గానిస్తాన్‌లోనూ తిరిగింది. బక్సర్, భరత్‌పూర్, గజనీ, సోబ్రావ్, 1857 ఢిల్లీ. ఎండకు కోట్లు విప్పేసి మాసిన చొక్కాలతోనే పోరాడినందుకు ‘డర్టీ షర్ట్స్’ అన్న ముద్దుపేరు వచ్చిందంటారు. 1839లో దీనికి తోడుగా రెండో బెంగాల్ యూరోపియన్ రెజిమెంట్‌ను కూడా పెట్టారు.

మరి ఇందులో ఐర్లండ్ ఎక్కడుంది? జీతం తీసుకునే చేతుల్లో. పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో కంపెనీ తెల్ల సైనికుల్లో సగానికి దగ్గరగా ఐరిష్ వాళ్ళే. కౌలు కట్టలేని చిన్న రైతు కొడుకుకు, ఆ తర్వాత 1845లో బంగాళాదుంపకు తెగులు తగిలి మొదలైన కరువులో తిండిలేని కుర్రాడికి, కంపెనీ చీటీ అంటే రోజూ కూడు. తమ దేశాన్ని ఏలుతున్న ప్రభువుల కోసం ఇంకొకరి దేశాన్ని ఏలడానికి వెళ్ళారన్నది మనకు తోచే మాట. వాళ్ళలో చాలామందికి ఆ ఆలోచన చేసే తీరిక ఉండి ఉండదు.

1858లో కంపెనీ పోయి రాణి పాలన వచ్చింది. కంపెనీ సైనికులందరినీ రాణి సైన్యానికి మార్చేశారు, అడగకుండానే. మీరట్ తదితర చోట్ల తెల్ల సైనికులు మళ్ళీ తిరగబడ్డారు. మేము సంతకం పెట్టింది కంపెనీకి, రాణికి కావాలంటే కొత్త ఒప్పందం, కొత్త బహుమానం ఇవ్వాలి, సంతలో ఎడ్లను మార్చినట్టు మార్చడానికి వీల్లేదు అన్నారు. మచిలీపట్నం కోట ముందు మొదలైన లెక్క మీరట్‌లో తేలినట్టయింది. ప్రభుత్వం బహుమానం ఇవ్వలేదు, వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళిపోవచ్చంది. పది వేల మంది దాకా వెళ్ళిపోయారు. మొదటి, రెండో బెంగాల్ యూరోపియన్ రెజిమెంట్లకు రాణి సైన్యంలో 101, 104 అంకెలు దక్కాయి.

ఇక సొంతూరు సంగతి. 1870లలో బ్రిటిష్ సైన్యాన్ని సంస్కరించినవాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. అంకెల కోసం ఎవడు ప్రాణం ఇస్తాడు, ఊరి కోసమైతే ఇస్తాడు అని. ప్రతి పటాలానికీ ఒక జిల్లా, ఒక డిపో కేటాయించారు. కెర్రీ కౌంటీలోని ట్రలీ పట్టణంలో ఉన్న బాలీముల్లెన్ బారకాసులు 101, 104 లకు దక్కాయి. 1881 జులై 1న యుద్ధ మంత్రి చైల్డర్స్ ఆ రెంటినీ కలిపి రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలీర్స్ అని పేరు పెట్టాడు. మన్‌స్టర్‌లో ఆరు కౌంటీలు. అందులో కెర్రీ, కార్క్, లిమరిక్, క్లేర్ దీని వాటా. స్థానిక మిలీషియాలను కూడా ఇందులోనే చేర్చారు. టోపీ బిళ్ళ మీద మాత్రం బెంగాల్ పులి అలాగే ఉండిపోయింది. కెర్రీ కొండల్లో పుట్టిన పిల్లవాడు పులి బొమ్మ పెట్టుకుని, నోరు తిరగని తెలుగు ఊరి పేరున్న జెండా కింద కవాతు చేశాడు.

సంస్కర్తల లెక్క తప్పలేదు. ఒక తరంలోనే ట్రలీ, లిమరిక్ సందుల్లో ఇంటికొకరు మన్‌స్టర్స్‌లో ఉన్నారనిపించే స్థితి వచ్చింది. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి మొదటి బెటాలియన్ రంగూన్‌లో ఉంది, రెండోది ఇంగ్లండ్‌లో ఆల్డర్‌షాట్‌లో. రెండోదాన్ని వెంటనే ఫ్రాన్స్ పంపారు. ఆగస్టు 27న సైన్యం వెనక్కి తగ్గుతుంటే వెనక కాపలా వీళ్ళది. వెనక్కి రమ్మన్న ఆజ్ఞ వీళ్ళకు సమయానికి అందలేదు. ఎత్రూ అనే ఊరి పక్క పండ్లతోటలో చుట్టుముట్టిన జర్మన్లతో చీకటి పడేదాకా పోరాడారు. వాళ్ళ అధికారి మేజర్ షారియే చనిపోయాడు. తూటాలు అయిపోయాకే మిగిలినవాళ్ళు లొంగారు. వాళ్ళు ఆపిన ఆ కొద్ది గంటల్లో మిగతా సైన్యం తప్పించుకుంది. చనిపోయినవాళ్ళను ఆ తోటలోనే పూడ్చారు. ఇప్పుడదే శ్మశానవాటిక.

మొదటి బెటాలియన్ కథ మరింత ఘోరం. 1915 ఏప్రిల్ 25న గల్లిపోలీ తీరంలో దింపడానికి రివర్ క్లైడ్ అనే బొగ్గు ఓడను ఎంచుకున్నారు. ఓడ పక్కలకు తలుపులు కోసి, దాన్ని ఒడ్డుకు గుద్ది, ఆ తలుపుల్లోంచి పడవల వంతెన మీదుగా పరిగెత్తాలన్నది పథకం. ఎదురుగా గట్టు మీద తుర్కీ తుపాకులు. తలుపులోంచి బయటికొచ్చిన వరసలు వచ్చినట్టే నీళ్ళలో పడ్డాయి. పక్కనే పడవల్లో వచ్చిన రాయల్ డబ్లిన్ ఫ్యూజిలీర్స్‌దీ అదే గతి. ఇద్దరిలోనూ మిగిలినవాళ్ళను కలిపి కొన్ని రోజులు ఒకే బెటాలియన్‌గా నడిపారు. సైనికులు దానికి ‘డబ్‌స్టర్స్’ అని పేరు పెట్టుకున్నారు. ఇక్కడో సంగతి: ఆ డబ్లిన్ బెటాలియన్ కూడా పాత కంపెనీ పటాలమే, మద్రాస్ యూరోపియన్ రెజిమెంట్ వారసురాలు. క్లైవ్ కాలపు మద్రాసు, బెంగాల్ దండులు రెండూ తుర్కీ తీరంలో, ఐరిష్ పేర్లతో, ఒక్కటయ్యాయన్నమాట. మర్నాడు ముళ్ళకంచె గుంజలను చేతులతో పెరికిన కార్పొరల్ విలియం కాస్‌గ్రోవ్‌కు బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. కార్క్ కౌంటీ కుర్రాడు.

సరిగ్గా ఏడాదికి కథ తిరిగి సొంతూరికి వచ్చింది. జర్మనీకి చిక్కిన ఐరిష్ ఖైదీలను లింబర్గ్ శిబిరంలో ఒకచోట చేర్చి, ఇంగ్లండ్‌పై పోరాడమని ఐరిష్ జాతీయవాది రోజర్ కేస్‌మెంట్ అడిగాడు. అరవై మంది కూడా కదలలేదు. ఆయనే 1916 ఏప్రిల్ 21న జర్మన్ జలాంతర్గామిలో వచ్చి దిగింది ట్రలీకి దగ్గర్లోని బానా ఇసుకతీరంలో. గంటల్లో దొరికిపోయాడు. మూడు రోజులకు డబ్లిన్‌లో తిరుగుబాటు లేచింది. దాన్ని అణిచి నాయకులను కాల్చి చంపాక, ఆగస్టులో కేస్‌మెంట్‌ను ఉరితీశాక, దేశం మనసు మారిపోయింది. 1914లో బ్యాండు మేళాలతో సాగనంపిన ఊరే 1919లో తిరిగొచ్చిన సైనికుడిని చూసి తలుపు వేసుకుంది. యుద్ధంలో రెండున్నర వేల మందికి పైగా మన్‌స్టర్స్ చనిపోయారు. బతికి వచ్చినవాళ్ళలో కొందరు ఐరిష్ తిరుగుబాటు దళాల్లో చేరి తుపాకీ పట్టడం నేర్పారు. కొందరిని గూఢచారులన్న అనుమానంతో అవే దళాలు చంపాయి. ఎక్కువమంది పతకాలు పెట్టె అడుగున పెట్టి నోరు మూసుకున్నారు.

1921 డిసెంబర్ ఒప్పందంతో ఐర్లండ్ దక్షిణ భాగం విడిపోయింది. పరాయి దేశంలో సొంతూరున్న పటాలం బ్రిటన్‌కెందుకు? పైగా ఖర్చు తగ్గించాలన్న ఒత్తిడి. 1922 జూన్ 12న ఐరిష్ పటాలాల ప్రతినిధులు విండ్సర్ కోటలో ఐదో జార్జ్ రాజుకు జెండాలు అప్పగించారు. జులై 31న మన్‌స్టర్స్ రద్దయ్యారు. ఐర్లండ్‌లో అప్పటికే ఆ ఒప్పందాన్ని ఒప్పుకున్నవాళ్ళకూ, ఒప్పుకోని రిపబ్లికన్లకూ మధ్య అంతర్యుద్ధం. రెండు రోజులకు, ఆగస్టు 2న, కొత్త ప్రభుత్వ సైనికులు ఫెనిట్ రేవులో దిగి ట్రలీని పట్టుకున్నారు. బాలీముల్లెన్ బారకాసులు వాళ్ళ చేతికి వచ్చాయి, రిపబ్లికన్ ఖైదీలకు జైలయ్యాయి. 1923 మార్చి 7న అక్కడి నుంచి తొమ్మిది మంది ఖైదీలను బాలీసీడీ అనే చోటికి తీసుకెళ్ళి, మందుపాతర చుట్టూ కట్టి పేల్చారు. ఎనిమిది మంది చనిపోయారు. స్టీఫెన్ ఫుల్లర్ ఒక్కడే పేలుడు విసురుకు ఎగిరిపడి బతికాడు. కెర్రీలో ఈ గాయం తాజాగా ఉన్నంతకాలం గల్లిపోలీ గురించి మాట్లాడే చోటే లేకపోయింది. ఒకే బారకాసులు, రెండు జ్ఞాపకాలు. చాలాకాలం వాటిలో ఒకదాన్నే ఊరు తలుచుకుంది.

మార్పు చాలా ఆలస్యంగా, నెమ్మదిగా వచ్చింది. 1998 నవంబర్ 11న బెల్జియంలోని మెసీన్‌లో ఐరిష్ శాంతి వనాన్ని ఐర్లండ్ అధ్యక్షురాలు మేరీ మెకలీస్, ఎలిజబెత్ రాణి కలిసి ప్రారంభించారు. 2011లో రాణి డబ్లిన్ వచ్చి ఐలండ్‌బ్రిడ్జ్ యుద్ధ స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం ఉంచింది. తాతల పతకాలు పెట్టెల్లోంచి బయటికొచ్చాయి. నవంబర్‌లో బ్రిటిష్ సైన్యపు మృతులకు గుర్తుగా ఎర్ర గసగసాల పువ్వు పెట్టుకోవాలా అన్న తగాదా మాత్రం తెగలేదు.

పటాలానికి వారసులు లేరు. చాలా బ్రిటిష్ రెజిమెంట్లు ఒకదానిలో ఒకటి కలుస్తూ పాత యుద్ధాల పేర్లు ఇప్పటికీ మోస్తున్నాయి. మన్‌స్టర్స్ దేనిలోనూ కలవలేదు కాబట్టి కాండోర్ పేరును పండగలా జరుపుకునే పటాలం నేడు బ్రిటన్‌లో లేదు, ఐర్లండ్‌లోనూ లేదు. ఆ యుద్ధం జరిగిన సంవత్సరాన్ని, ఫోర్డ్ పేరును, కాన్‌ఫ్లాన్ పేరును ఇవాళ్టికీ వల్లెవేస్తున్నది గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే మన పిల్లలే.