మెషీను మీదున్న పేజీని ఎవరూ విప్పరు

చి. పూర్ణకీ, చి. బాబీకీ,

తాతయ్య ఆశీస్సులు.

పూర్ణా, నీ ఉత్తరం అందింది. కండల పోటీ దగ్గర పడుతోందని అన్నయ్య తిండి బాగా తగ్గించేశాడనీ, పొద్దున లేవగానే గ్లాసు నీళ్ళలో ఏదో తెల్లపొడి కలుపుకుని తాగుతున్నాడనీ రాశావు. అదేమిటని అడిగితే "అమైనో ఆమ్లాలు, ఇవి తాగకపోతే కండ కరిగిపోతుంది" అన్నాడట. అది నిజమేనా అని నీ ప్రశ్న. దాని కింద బాబీ పెన్సిలుతో ఇంకోటి రాశాడు: "కండ కరిగితే ఎక్కడికి పోతుంది తాతయ్యా?"

ముందు బాబీకి జవాబు చెబుతాను. అది తేలితే నీ ప్రశ్న సగం తేలినట్టే.

మీ వయసులో నా సెలవులన్నీ మామయ్య అచ్చాఫీసులో గడిచేవి. అప్పట్లో అక్షరాలు సీసంతో పోతపోసినవి. చెక్క కేసుల్లో వందల అరలు, అరకో అక్షరం. కంపోజిటరు ఎడమచేతిలో స్టిక్ (అక్షరాలు పేర్చే చిన్న పట్టె) పట్టుకుని, కుడిచేత్తో అరల్లోంచి ఒక్కో అక్షరం తీసి పేర్చేవాడు. అరల వంక చూసేవాడే కాదు, చెయ్యి దానంతట అదే వెళ్ళేది. పేజీ అచ్చయిపోయాక కట్టిన దారం విప్పి, సిరా కడిగి, ఏ అక్షరాన్ని ఆ అరలో వెయ్యాలి. ఆ పని నాది. సాయంత్రానికి వేళ్ళన్నీ నల్లగా అయ్యేవి, ఎంత తోమినా గోళ్ళ సందుల్లో మిగిలేది.

ఒకరోజు ఆకురాయితో ఒక "ల" పక్కన సన్నగా గీత పెట్టాను. అది ఎక్కడెక్కడ తిరుగుతుందో చూడాలని నా తాపత్రయం. మొదట ఒక కరపత్రంలో దొరికింది. మరో నాలుగు రోజులకు లెక్కల పుస్తకం పేజీ విప్పుతుంటే అందులో కనబడింది. ఆ తర్వాత చాలాకాలం కనబడలేదు. పోయిందనుకున్నాను, కానీ ఏదో పేజీలో ఉండే ఉంటుంది.

1930ల చివర్లో రుడాల్ఫ్ షోయెన్‌హైమర్ అనే శాస్త్రవేత్త న్యూయార్క్‌లో చేసిందీ అచ్చం ఇలాంటి పనే. లూసిన్ అనే అమైనో ఆమ్లంలో మామూలు నైట్రోజన్‌కు బదులు కాస్త బరువైన నైట్రోజన్ పెట్టి గుర్తు చేశాడు. దాన్ని ఎదుగుదల ఆగిన ఎలుకలకు మేతలో కలిపి పెట్టాడు. ఎదిగిన ఒంటికి కొత్త కండ అక్కర్లేదు కనుక అదంతా మూత్రంలో బయటికి వచ్చేస్తుందని అప్పటి నమ్మకం. తీరా చూస్తే సగానికి పైగా నైట్రోజన్ ఎలుక ఒంట్లోని ప్రోటీన్లలో, అంటే అమైనో ఆమ్లాలు పేర్చి కూర్చిన పేజీల్లో, చేరి ఉంది! ఎలుక బరువు పెరగలేదు. అంటే లోపల పాత పేజీలు విప్పుతూ కొత్తవి కూరుస్తూనే ఉన్నారన్నమాట. మన ఒంట్లోనూ అంతే. పెద్దవాళ్ళ ఒంట్లో రోజుకు 250 నుంచి 300 గ్రాముల ప్రోటీన్ ఇలా విడిపోయి మళ్ళీ కూడుతుంది. మామూలుగా మనం తినే ప్రోటీన్ అంతకు చాలా తక్కువ. మిగతా అక్షరాలన్నీ పాత పేజీల్లోంచి వచ్చినవే. పూర్ణా, నువ్వు నిద్రపోయేటప్పుడు కూడా ఆ అచ్చాఫీసు మూతపడదు.

అక్షరాలంటే ఇక్కడ అమైనో ఆమ్లాలు. మనం దిద్దుకున్నవి 56. ఒంటికి 20 చాలు. ఆ ఇరవైతోనే కండ, చర్మం, గోరు, రక్తంలో ప్రాణవాయువును మోసే ప్రోటీన్ అన్నీ కూర్చుకుంటుంది. చీమలోని ప్రోటీన్లూ, మర్రిచెట్టులోనివీ, సముద్రంలోని తిమింగలానివీ ఆ ఇరవైతోనే. ఈ మాట మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఈ ఇరవైలో 11 అక్షరాలను అచ్చాఫీసులోనే, ఉన్న సీసం కరిగించి పోసుకోవచ్చు. మిగతా 9 మాత్రం బయటినుంచి, అంటే తిండిలోంచి రావాల్సిందే. లూసిన్, ఐసోలూసిన్, వాలీన్, లైసిన్, మెథియోనిన్, ఫినైల్‌అలనిన్, థ్రియోనిన్, ట్రిప్టోఫాన్, హిస్టిడిన్. నోరు తిరగకపోయినా ఒకసారి పైకి చదవండి, చివర్లో వీటితో పని పడుతుంది.

కొవ్వుకు ఒంట్లో గోదాము ఉంది, చక్కెరకూ కొంత నిల్వ ఉంది. ఈ అక్షరాలకు మాత్రం వేరే గోదాము లేదు. ఉన్నదంతా కూర్చిన పేజీల్లోనే ఉంది. తిండి తగ్గి రోజు గడవడం కష్టమైతే ఒళ్ళు కొన్ని పేజీలు విప్పుతుంది. బాబీ, అలా విడిన అక్షరాలు రక్తంలోకి వస్తాయి. కొన్ని ఇంకో చోట పేజీలో కూర్చుంటాయి. కొన్నిటిని కాలేయం పట్టుకుని చక్కెరగా మార్చి మెదడుకు పంపుతుంది, వాటిలోని నైట్రోజన్ యూరియాగా మారి మూత్రంలో పోతుంది. కరిగిన కండ వెళ్ళేది అక్కడికే.

ఇక అన్నయ్య గ్లాసు. జిమ్‌లో బీసీఏఏ (కొమ్మలా చీలిన గొలుసున్న అమైనో ఆమ్లాలు) అని వాడే పొడిలో తొమ్మిదికి తొమ్మిదీ ఉండవు, మొదటి మూడే ఉంటాయి: లూసిన్, ఐసోలూసిన్, వాలీన్. వాటిని ఊరికే ఎంచలేదు. లూసిన్ ఒట్టి అక్షరమే కాదు, "పని మొదలుపెట్టండి" అని గంట కొట్టేదీ అదే. గంట మోగగానే కంపోజిటర్లంతా కేసుల దగ్గరికి వస్తారు. వచ్చి చూస్తే మూడు అరలు నిండుగా ఉన్నాయి, మిగతా ఆరూ బోసిగా ఉన్నాయి. ఏం చేస్తారు? కాసేపు పని ఊపందుకుంటుంది, తర్వాత ఆరు అక్షరాల కోసం మళ్ళీ పాత పేజీలే విప్పాలి. ఒక గోడ ఇటుకలు తీసి ఇంకో గోడ కట్టినట్టు. 2017లో రాబర్ట్ వోల్ఫ్ అనే శాస్త్రవేత్త అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ తిరగేసి, ఆ మూడిటినే ఇస్తే కండ పెరుగుతుందనడానికి ఆధారం లేదని రాశాడు. తొమ్మిదీ ఉన్న పొడి నయం. అది కండ కూర్పును నిజంగానే పెంచుతుంది. కానీ పాలు, గుడ్లు, చేపలు, పప్పుదినుసులు సరిపడా తినేవాళ్ళ అరల్లో ఆ తొమ్మిదీ ముందే ఉంటాయి. బరువులెత్తేవాళ్ళకు ఒంటి బరువులో కిలోకు రోజుకు 1.6 నుంచి 2.2 గ్రాముల ప్రోటీన్ అవసరం. అన్నయ్య 70 కిలోలనుకుంటే 112 నుంచి 154 గ్రాములు. తిండి తగ్గించిన రోజుల్లో తగ్గించకూడనిది ఇదే. ఇది అందుతున్నప్పుడు పైన ఆ మూడక్షరాల పొడి కలిసి చేసేదేమీ పెద్దగా లేదు.

మరి కండ నిలిచేదెలా? మళ్ళీ అచ్చాఫీసుకే రండి. మామయ్యకు గడ్డురోజులు వచ్చినప్పుడు సీసం తూకానికి అమ్మాల్సి వచ్చింది. ఏ పేజీలు విప్పాలో నాకు చూపించాడు. ఎవరూ అడగనివి, గోడవారన దుమ్ము పట్టినవి ముందు విప్పించాడు. మెషీను మీద ఎక్కి ఉన్న పేజీ మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వలేదు. "అది పనిలో ఉందిరా" అన్నాడు. బరువెత్తే కండ మెషీను మీదున్న పేజీ. కొంత విడినా వెంటనే మళ్ళీ కూర్చుకుంటుంది. కొవ్వు తగ్గించుకునే రోజుల్లో బరువులు పక్కన పెట్టేసి పరుగులే పెట్టేవాడి కండ కరుగుతుంది, డబ్బాలకు డబ్బాలు తాగినా సరే. తొందరపడి ఒక్కసారిగా తగ్గేవాడిదీ, నిద్ర చాలనివాడిదీ అంతే. వారానికి ఒంటి బరువులో నూటికి అర నుంచి ఒక వంతు తగ్గడం మంచి వేగం. ఈ మాట అన్నయ్యకు మెల్లగా చెప్పు పూర్ణా. పోటీ ముందు వాడు ఆకలి మీద ఉంటాడు, వాదించకు.

మీరిద్దరూ ఆ పొడి ముట్టుకోవద్దు. ఎదిగే ఒంటికి కడుపునిండా తిండి కావాలి, పొడి కాదు.

ఇప్పుడు లేచి వెళ్ళి మూడు పనులు చెయ్యండి. రేపు పొద్దున అన్నయ్య పొడి కలిపేటప్పుడు గ్లాసును కళ్ళకు సమంగా పెట్టి చూడండి. లూసిన్‌కు నీళ్ళంటే పడదు, తేలిగ్గా కలవదు. వేరే పదార్థం కలిపి నీళ్ళకు మచ్చిక చెయ్యకపోతే పైన తెట్టులా తేలుతుంది. తేలిందో లేదో చూడండి. తర్వాత డబ్బా తిప్పి, నేను పైన రాసిన తొమ్మిది పేర్లలో ఎన్ని ఉన్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టండి. చివరికి అన్నయ్యనడిగి వాడి జిమ్ నోటుబుక్కు తీసుకోండి. పోయిన నెల ఎత్తిన బరువులూ ఈ నెలవీ పక్కపక్కన రాసి నాకు పంపండి.

మీ
తాతయ్య