రోజుకి రెండు క్లాసులేగా అంటారు: హిస్టరీ లెక్చరర్ల మీద అపోహలు - వాస్తవాలు

తెలంగాణలో ఒక స్టేట్ యూనివర్సిటీలో పన్నెండేళ్లుగా ఎం.ఏ. పిల్లలకి హిస్టరీ చెప్తున్నా, మొదట పార్ట్‌టైమ్, ఇప్పుడు కాంట్రాక్ట్. పెళ్లికెళ్లినా, బస్సులో పక్క సీట్లో ఎవరైనా పలకరించినా అవే మాటలు. రెండు ముక్కల్లో చెప్తే అర్థం కావట్లేదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

అపోహ: రోజుకి రెండు క్లాసులు, తర్వాత ఇంటికే.

వాస్తవం: యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటలు, అసోసియేట్‌కి, ప్రొఫెసర్‌కి 14 గంటలు క్లాసే చెప్పాలి. అది ఒట్టి క్లాసు లెక్క. కాకతీయుల చెరువుల మీద గంట పాఠం ఉందనుకోండి, పాకాల, రామప్ప, లక్నవరం అని పేర్లు చదివి వస్తే సరిపోదు కదా, చెరువు ఎవరు తవ్వించారు, గండి పడితే ఎవరు పూడ్చారు, బాగుచేసినవాళ్లకి ఇచ్చే దశవందం మాన్యం ఎలా నడిచింది, ఇవన్నీ శాసనాల్లోంచి వెతికి తెలుగులో నోట్స్ రాసుకోవాలి, ఎందుకంటే మంచి పుస్తకాలు ఎక్కువ ఇంగ్లీషులో ఉంటాయి, మా పిల్లల్లో సగానికి పైగా తెలుగు మీడియం నుంచి వస్తారు. ఆ గంట కోసం నాకు రెండు రాత్రులు పడుతుంది. ఇక ఇంటర్నల్స్, వాల్యుయేషన్, కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ కోసం ఫైళ్లు సరేసరి.

అపోహ: యూనివర్సిటీ అంటే లక్షల్లో జీతం, పర్మనెంట్.

వాస్తవం: కొందరికి, అవును. గెస్ట్ ఫ్యాకల్టీకి యూజీసీ 2019లో క్లాసుకి 1500, నెలకి 50,000 మించకుండా అని చెప్పింది. నేను పార్ట్‌టైమ్ చేసిన రోజుల్లో నా చేతికి వచ్చింది దాంట్లో సగం కూడా కాదు, అదీ మూడు నాలుగు నెలలకోసారి, వేసవి సెలవుల్లో అసలే లేదు. ఇంటద్దె ఇచ్చే రోజు వస్తుందంటే గుండె దడదడలాడేది. పీహెచ్‌డీ ఉంది, లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ పాసయ్యా, అయినా రెన్యువల్ ఆర్డర్ వచ్చేదాకా జూన్‌లో నిద్ర పట్టదు. నోటిఫికేషన్ కోసం ఎదురుచూసి చూసి వయసు దాటిపోయినవాళ్లు నాకు స్వయంగా తెలుసు. వీళ్లు పాఠం చెప్పడంలో ఎవరికీ తీసిపోరు, ఈ మాట గట్టిగా చెప్పాలని ఉంది.

అపోహ: హిస్టరీ అయిపోయిన విషయం, అందులో కొత్తగా ఏముంటుంది?

వాస్తవం: ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టే మాట. రాణి రుద్రమదేవి సంగతే చూడండి, ఆమె 1290ల మధ్యదాకా పాలించిందని ఒకప్పుడు రాసేవాళ్లు. తర్వాత నల్గొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం బయటపడింది, శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి. శక సంవత్సరానికి 78 కలుపుకుంటే 1289. రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందినందుకు వాళ్ల పుణ్యం కోసం భూమి దానమిచ్చినట్టు అందులో ఉంది. అంటే ఆమె అప్పటికే లేదు. ఒక ఊళ్లో ఒక రాయి, దాంతో పుస్తకాల్లో లెక్క మారిపోయింది.

అందుకే ప్రతి బ్యాచ్‌ని ఒక్కసారైనా శాసనం దగ్గరికి తీసుకెళ్తా. పోయినసారి వెళ్లిన ఊళ్లో గుడి ముందు పాతిన రాయికి పసుపు, కుంకుమ, పైన ఎన్నో ఏళ్ల సున్నం. గుడివాళ్లని అడిగి, మెత్తటి బ్రష్‌తో నీళ్లు పోస్తూ నెమ్మదిగా కడిగాం, తడిపిన కాగితం రాయి మీద పరిచి ఇంకో బ్రష్‌తో కొడుతూ పోతే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది, కాస్త ఆరాక సిరా ముంచిన గుడ్డ బంతితో పైపైన అద్దాలి, అప్పుడు చుట్టూ నల్లగా, అక్షరం తెల్లగా తేలుతుంది. ముందు వరసలో ఉన్న పిల్లాడు "మేడమ్, ఇది 'శ్రీ' కదా" అన్నాడు, మిగతావాళ్లంతా మీద పడి చూశారు. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న పిల్లలే వాళ్లు.

అంతలో ఒక పెద్దాయన వచ్చి "ఏం బిడ్డా, దీని కింద లంకెబిందెలు ఉన్నయా?" అని అడిగాడు. ఇది కూడా పెద్ద అపోహే, దీనివల్ల ఎన్ని రాళ్లు పగలగొట్టారో, ఎన్ని గుళ్ల ముందు గుంతలు తవ్వారో. శాసనంలో నిధి జాడ ఉండదు పెద్దయ్యా, మీ ఊరి చెరువు పేరు, ఎవరికి ఎంత భూమి ఇచ్చారన్న లెక్క ఉంటుంది అని చెప్పా. ఆయన కూర్చుని మొత్తం చదివించుకుని వెళ్లాడు.

అపోహ: హిస్టరీ అంటే తేదీలు బట్టీ కొట్టడం.

వాస్తవం: తేదీ కావాలి, కానీ అది ఎక్కణ్నుంచి వచ్చిందన్నదే అసలు పాఠం. చార్మినార్ 1591 అంటాం, అది హిజ్రీ 1000 మొదలైన ఏడాది. చార్మినార్ కట్టించిన కులీ కుతుబ్ షా ప్రేయసి అని చెప్పుకునే భాగమతి కథ నిజమేనా మేడమ్ అని ప్రతి ఏడాదీ ఒకరు అడుగుతారు. ఆ కాలంవాడే అయిన ఫెరిష్తా అనే చరిత్రకారుడు ఆమె గురించి రాశాడు, హెచ్.కె. షేర్వానీ లాంటి పెద్ద చరిత్రకారుడు నమ్మలేదు, రెండు వైపులా వాదనలు బోర్డు మీద పెట్టి మీరే తూచండి అంటా. వాట్సాప్‌లో వచ్చిన ముక్క పట్టుకుని ఇదే నిజం అని గొడవకి దిగేవాళ్లు ఉంటారు, వాళ్లనీ ఇదే అడుగుతా, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు. నా అభిప్రాయం పిల్లల మీద రుద్దుతున్నానని ఒకసారి ఫిర్యాదు కూడా వెళ్లింది, వారం రోజులు అన్నం సహించలేదు. ఆ తర్వాత కూడా అలాగే చెప్తున్నా, వేరేలా చెప్పడం నాకు చేతకాదు.

అపోహ: హిస్టరీ చదివితే ఉద్యోగాలు రావు.

వాస్తవం: ఇది పూర్తి అపోహ అని నేను అనలేను. పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ రాసి వచ్చేవాళ్లలో చాలామంది కళ్లు గ్రూప్-2 మీదే, నోటిఫికేషన్ పడిందంటే క్లాసు ఖాళీ. వాళ్లది తప్పనను, ఇంటి దగ్గర పరిస్థితి అలాంటిది. సీట్లు నిండకపోతే కోర్సు ఉంటుందా, కోర్సు లేకపోతే మేం ఉంటామా అన్న బెంగ మాకు ఎప్పుడూ ఉంటుంది.

కానీ అలా గ్రూప్స్ కోసమే వచ్చిన ఒకమ్మాయి ఒకరోజు వాళ్ల తాత ఇనుపపెట్టెలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తెచ్చింది. ఉర్దూలో ఉంది, మడతల దగ్గర చిరిగిపోతోంది, 1340 ఫసలీ అని ఉంది, ఫసలీ అంటే నిజాం కాలంలో శిస్తు లెక్కలకి వాడిన సంవత్సరం. ఫసలీకి 590 కలపమన్నా. 1930 అంది, అని కాసేపు కాగితం వైపే చూస్తూ ఉండిపోయింది. ఉర్దూ చదవగలిగిన సహోద్యోగిని పిలిచి చదివించాం, వాళ్ల ఊరి పొలానికి కట్టిన శిస్తు రసీదు. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్‌కి పంపితే అక్కడ కూర్చుని పాత కాగితాలు వెతికింది, ఎం.ఏ. ప్రాజెక్టు వాళ్ల ఊరి భూమి మీదే రాసింది. ఇప్పుడూ గ్రూప్స్‌కే చదువుతోంది, చదవనీ.

మీ ఇళ్లలో కూడా అలాంటివి ఉండొచ్చు, నిజాం కాలం రసీదులు, 1954-55 ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు నకళ్లు, పాత ఉత్తరాలు. దయచేసి చెత్తలో వేయకండి. ఎండ పడని చోట చదునుగా పెట్టి ఫోన్‌తో రెండు వైపులా ఫొటో తీసుకోండి. లామినేషన్ మాత్రం వద్దు, ఆ వేడికి, గమ్ముకి కాగితం ప్లాస్టిక్‌కి అతుక్కుపోతే మళ్లీ విడదీయలేం.