రోజూ ఓ ఆస్పిరిన్: సలహా ఎందుకు మారింది?

గుండె జబ్బు లేకపోయినా ముందుజాగ్రత్తగా రోజూ చిన్న ఆస్పిరిన్ మాత్ర వేసుకోవడం చాలాకాలం మంచి అలవాటుగా చెలామణి అయింది. 2022లో అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ (వ్యాధుల నివారణపై సూచనలిచ్చే నిపుణుల బృందం), 60 ఏళ్లు, ఆపైన ఉన్నవారు ఆ ఉద్దేశంతో మాత్ర కొత్తగా మొదలుపెట్టవద్దని చెప్పింది. డాక్టర్లు మాట మార్చారని చాలామందికి అనిపించింది. నిజానికి ఆస్పిరిన్ మేలూ కీడూ ఒకే చోట నుంచి వస్తాయన్నది బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ యాభై ఏళ్ల కిందట చేసిన పరిశోధనలోనే ఉంది.

వేన్ 1927లో ఇంగ్లండ్‌లో పుట్టారు. బర్మింగ్‌హామ్‌లో కెమిస్ట్రీ చదివి విసిగిపోయారు. తర్వాత ఏం చేస్తావని ప్రొఫెసర్ అడిగితే, కెమిస్ట్రీ తప్ప ఏదైనా సరే అన్నారట. అలా ఆక్స్‌ఫర్డ్‌లో ఫార్మకాలజీలో, అంటే ఔషధ శాస్త్రంలో తేలారు.

ఆయన పరిశోధన పద్ధతి చూడ్డానికి మోటుగా ఉండేది. జంతువుల నుంచి తీసిన కండర ముక్కలను ఒకదాని కింద ఒకటి వేలాడదీసి, వాటి మీదుగా ద్రవాన్ని జార్చేవారు. ఏ ముక్క ముడుచుకుందో, ఏది వదులైందో చూసి ఆ ద్రవంలో ఏముందో పోల్చుకునేవారు. పుట్టిన కాసేపటికే నశించిపోయే పదార్థాలు ఇలా చేస్తేనే దొరికాయి. 1969లో ప్రిసిల్లా పైపర్‌తో కలిసి ఆయన ఒక విషయం గమనించారు. ఎలర్జీ తెప్పించిన గినీపిగ్ ఊపిరితిత్తుల నుంచి వచ్చే ఏదో పదార్థం కుందేలు బృహద్ధమని ముక్కను బిగుసుకునేలా చేస్తోంది. ఆస్పిరిన్ ఇస్తే ఆ పదార్థం ఊసే లేదు. శరీరంలో ప్రోస్టాగ్లాండిన్ల (కణాలు తయారుచేసుకునే హార్మోన్‌లాంటి రసాయనాల) తయారీని ఆస్పిరిన్ ఆపుతుందని 1971లో వేన్ నిరూపించారు. 1899 నుంచి అమ్ముడవుతున్న మందు పనిచేసే తీరు తెలియడానికి అంతకాలం పట్టిందన్నమాట!

ఆ అంతుచిక్కని పదార్థంలో ముఖ్యమైనదాన్ని 1975లో స్వీడన్‌కు చెందిన బెంగ్ట్ సామ్యూల్‌సన్ బృందం తేల్చి, థ్రాంబాక్సేన్ అని పేరు పెట్టింది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే చిన్న కణాలైన ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అంటుకునేలా చేసేది, నాళాన్ని బిగించేది అదే. మరుసటి ఏడాది సాల్వడార్ మొంకాడా, వేన్, వారి సహచరులు రక్తనాళాల గోడల్లో దానికి విరుగుడును పట్టుకున్నారు. అది ప్రోస్టాసైక్లిన్. ప్లేట్‌లెట్లను విడిగా ఉంచుతుంది, నాళాన్ని వదులు చేస్తుంది. ప్రోస్టాగ్లాండిన్లలాగే ఈ రెండూ కణాల్లోని అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం నుంచి, కాక్స్ అనే ఎంజైమ్‌ల చేతిమీదుగానే తయారవుతాయి. ఆస్పిరిన్ అడ్డుకునేది ఆ ఎంజైమ్‌లనే. 1982లో వేన్, సామ్యూల్‌సన్, సునె బెర్గ్‌స్ట్రామ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ తూకం చెదిరితే ఏమవుతుందో వయాక్స్ చూపించింది. ఆ నొప్పి మందు కాక్స్ ఎంజైమ్‌లలో ఒకటైన కాక్స్-2ను మాత్రమే అడ్డుకునేది. దాంతో ప్రోస్టాసైక్లిన్ తగ్గేది, ప్లేట్‌లెట్ల థ్రాంబాక్సేన్ మాత్రం తగ్గేది కాదు. గుండెపోటు ముప్పు పెంచుతోందని తేలి, 2004 సెప్టెంబర్ 30న తయారీదారు మెర్క్ దాన్ని వెనక్కి తీసుకుంది.

మరి ఆస్పిరిన్ రెండింటినీ అడ్డుకుంటుంది కదా, మేలెలా? కిటుకంతా ప్లేట్‌లెట్‌లో ఉంది. దానికి కేంద్రకం లేదు. ఎంజైమ్‌ను ఆస్పిరిన్ శాశ్వతంగా పాడుచేస్తే మళ్లీ తయారుచేసుకోలేదు. బతికినన్నాళ్లూ, అంటే వారం పది రోజులు, అంతే. నాళం గోడల కణాలు మాత్రం కొత్త ఎంజైమ్‌ను తయారుచేసుకుంటాయి. అందుకే 75 మిల్లీగ్రాముల మాత్ర సరిపోతుంది. (దీన్ని ‘రక్తం పలచన చేసే మందు’ అంటాం గానీ, రక్తం పలచబడేదేమీ ఉండదు.)

1988లో వెలువడిన ఐసిస్-2 పరిశోధనలో, గుండెపోటు అనుమానంతో చేరిన 17,187 మందిని పరిశీలించారు. ఆస్పిరిన్ తీసుకున్నవారిలో గుండె, రక్తనాళాల జబ్బుల మరణాలు ఐదు వారాల్లో 23 శాతం తగ్గాయి. ఆ ఉత్సాహం ఆరోగ్యవంతులకూ పాకింది. నా దృష్టిలో పొరపాటు జరిగింది ఇక్కడే. కడుపు లోపలి పొరను కాపాడేవీ ప్రోస్టాగ్లాండిన్లే. పైగా, అవసరమైనప్పుడు రక్తం ఆగాలన్నా అవే ప్లేట్‌లెట్లు అతుక్కోవాలి. 2018లో వచ్చిన ఆస్‌ప్రీ పరిశోధనలో పాల్గొన్న 19,114 మందిలో అత్యధికులు 70 దాటినవారు, గుండె జబ్బు లేనివారు. ఆస్పిరిన్ వారి గుండెకు చెప్పుకోదగ్గ మేలు చేయలేదు. తీవ్రమైన రక్తస్రావాలు మాత్రం 2.8 శాతం నుంచి 3.8 శాతానికి పెరిగాయి.

ఇప్పటికే గుండెపోటు వచ్చినవారికి, స్టెంట్ వేయించుకున్నవారికి ఈ లెక్క వర్తించదు. 2022 నాటి సూచన వారి గురించి కాదు. వారు డాక్టరును అడగకుండా ఆస్పిరిన్ మానేస్తే, స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.