వైరల్ లోడ్ జీరో వచ్చిందని హెపటైటిస్ బి గోళీలు ఆపేస్తున్నారా?

పోయిన నెల ఒకాయన భార్య భుజం పట్టుకుని ఓపీలోకి వచ్చాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి. లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ 1,640. నాలుగు నెలల కిందట అదే మనిషికి 28. మధ్యలో ఏమైందని అడిగితే జేబులోంచి మడతలు పడ్డ పాత రిపోర్టు తీశాడు. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) దగ్గర ‘నాట్ డిటెక్టెడ్’ అన్న మాట కింద పెన్నుతో రెండు గీతలు. "వైరస్ పోయింది కదా సార్, గోళీలు బంద్ చేసిన. ఇమ్యూనిటీ పెరగాలని పొడి తాగుతున్న" అన్నాడు.

అపోహ: వైరస్ కనబడలేదంటే జబ్బు పోయినట్టే.

ఆ పరీక్ష చూసేది రక్తాన్ని. ఈ జబ్బుకు ఇచ్చే గోళీలు టెనోఫోవిర్ అయినా ఎంటెకావిర్ అయినా వైరస్ కొత్త కాపీలు తయారుకాకుండా ఆపుతాయి, అంతే. లివర్ కణం కేంద్రకంలో దాక్కున్న వైరస్ మూలప్రతిని, అంటే సీసీసీ డీఎన్‌ఏను, అవి పెకిలించలేవు. గోళీ మానేస్తే వైరస్ అక్కణ్నుంచే మళ్లీ మొదలవుతుంది.

చాలామందికి తెలియనిది ఆ తర్వాతి సంగతి. హెపటైటిస్ బి వైరస్ మామూలుగా తనంతట తాను లివర్ కణాన్ని చంపదు. పుట్టినప్పుడే తల్లి నుంచి సోకినవాళ్లలో వైరల్ లోడ్ కోట్లలో ఉన్నా ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉండటం మాకు అలవాటే. దెబ్బ తీసేది మన రోగనిరోధక వ్యవస్థ. సోకిన కణం వైరస్ ముక్కల్ని తన పైపొర మీద పెడుతుంది. టీ-కణాలనే తెల్లకణాలు వాటిని గుర్తుపట్టి ఆ కణాన్ని చంపుతాయి, ఇంటర్‌ఫెరాన్ గామా లాంటి సంకేతాలు వదులుతాయి. ఆ సంకేతాలకు కొంత వైరస్ కణం చావకుండానే అణిగిపోతుంది, అది మేలే. కానీ అవే సంకేతాలు అందుకున్న చుట్టుపక్కల కణాలు తెల్లకణాల్ని పిలిచే కీమోకైన్లు వదులుతాయి. దాంతో ఈ వైరస్‌తో సంబంధమే లేని తెల్లకణాలు కూడా లివర్‌లోకి వచ్చి పడతాయి. వాపు పెరుగుతుంది. చచ్చిన కణాల్లోని ఎస్‌జీపీటీ రక్తంలోకి కారుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే మచ్చ కట్టి సిర్రోసిస్ అవుతుంది. గోళీ ఆపి వైరస్‌ను ఒక్కసారిగా లేపితే ఇదంతా వారాల్లోనే జరిగి లివర్ ఫెయిల్ కావచ్చు.

గోళీ ఎప్పటికీ ఆపకూడదని నేననడం లేదు. రక్తంలో హెచ్‌బీఎస్‌ఏజీ (వైరస్ పైపొర ప్రోటీన్) పోయిందా, సిర్రోసిస్ ఉందా చూసి డాక్టరే నిర్ణయించాలి. ఆపాక కూడా పరీక్షలు చేయిస్తూ ఉండాలి.

అపోహ: ఇమ్యూనిటీ పెంచితే వైరస్ చస్తుంది.

దీర్ఘకాలం సోకినవాళ్లలో టీ-కణాలు అలిసిపోయి ఉంటాయి. వైరస్‌ను తుడిచేసే సత్తా ఉండదు, లివర్‌ను గాయపరిచే శక్తి మాత్రం మిగులుతుంది. ఏ పొడీ దీన్ని సరిచేయదు. పైగా తిప్పతీగ వాడినవాళ్లలో ఆటోఇమ్యూన్ తరహా (సొంత రోగనిరోధక వ్యవస్థే దాడిచేసే) లివర్ వాపు వచ్చిన కేసుల్ని కరోనా కాలంలో మన దేశ డాక్టర్లే ప్రచురించారు. వాట్సాప్‌లో ఈ పొడుల ప్రచారం చూస్తే నాకు కోపం ఆగదు.

మిగతావి

కంచం, గ్లాసు వేరు పెట్టక్కర్లేదు. ఒకావిడ మూడేళ్లుగా ఇంటి వెనక వరండాలో ఒక్కతే కూర్చుని తింటోందని తెలిసి వాళ్లింట్లో అందరినీ పిలిపించి మాట్లాడాను. వాళ్లకు కావలసింది టీకా. మొదటి దేశీ రీకాంబినెంట్ (జన్యు ఇంజినీరింగ్‌తో చేసిన) టీకా 1997లో మన హైదరాబాద్ నుంచే వచ్చింది. తల్లికి ఉంటే బిడ్డకు 24 గంటల్లోపు టీకా, దాంతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) పడాలి. గర్భిణులు టెన్షన్ పడొద్దు, ముందే డాక్టరుకు చెప్పండి. పసరు మందుతో ఈ వైరస్ పోదు. స్టెరాయిడ్లు, కీమో మొదలుపెట్టేముందు హెచ్‌బీఎస్‌ఏజీ చూపించుకోండి. హెపటైటిస్ సి వేరే జబ్బు, చాలామందికి 12 వారాల గోళీలతో నయమవుతుంది. డబ్బుల్లేక ఆపేసేవాళ్లు నాకు చెప్పండి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితం.

ఆయన్ను మూడు వారాలు వార్డులో ఉంచాం. మొదటి పది రోజులూ పొద్దున్నే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూపే పరీక్ష) రిపోర్టు వచ్చేదాకా నాకు కాలు నిలవలేదు. టెనోఫోవిర్ మళ్లీ మొదలుపెట్టాం. మొన్న రివ్యూకి వచ్చాడు, ఎస్‌జీపీటీ 96. గోళీ వేసుకున్న ప్రతి రోజుకీ క్యాలెండర్‌లో టిక్కు పెట్టి, ఆ పేజీ చింపి తెచ్చి చూపించింది ఆయన భార్య.