నీళ్లున్నా అందని మట్టి

మహారాష్ట్రలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు తెలుగువారి పెరళ్లలో ఎక్కువగా కనిపించేది నల్లరేగడి. నీటిని పట్టి ఉంచడంలో దాన్ని మించిన మట్టి అరుదు. అయినా ఎండలు ముదిరాక కొన్ని రోజులు నీళ్లు పెట్టడం ఆగితే చాలు, వంగ మొక్కలు వాలిపోతాయి. ఒడిశా వైపు రాయగడ, గుణుపురం ఎర్రనేలల్లో ఇలా జరిగితే ఆశ్చర్యం లేదు. ఇసుక పాలు ఎక్కువున్నచోట పోసిన నీరు వేళ్లను దాటి కిందికి దిగిపోతుంది. రేగడి కథ వేరు.

రేగడిలోని స్మెక్టైట్ అనే బంకమట్టి ఖనిజానికి ఒక్క గ్రాములోనే 600 నుంచి 800 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. నీటిని అది పల్చని పొరగా పట్టుకుని వదలదు. మట్టి చేతికి చల్లగా తగులుతున్నా వేరుకు మాత్రం చుక్క దొరకదు. ఆ పట్టు సుమారు 1500 కిలోపాస్కళ్లకు, అంటే వాతావరణ పీడనానికి 15 రెట్లకు చేరితే చాలా పంటలు చేతులెత్తేస్తాయి. పైగా రేగడి ఎండితే నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల గోడల నుంచి లోతున ఉన్న తడి కూడా ఆవిరైపోతుంది.

పశువుల ఎరువు, కంపోస్టు వేస్తే మట్టి స్పాంజి అవుతుందని అందరూ చెబుతారు. 2018లో మినాస్నీ, మెక్‌బ్రాట్నీ అనే శాస్త్రవేత్తలు 60 అధ్యయనాలను, 50 వేలకు పైగా కొలతలను పరిశీలించి ఈ మాటను తూచారు. మట్టిలో సేంద్రియ కర్బనం, అంటే చివికిన ఆకు, పేడ లాంటి వాటి నుంచి వచ్చే కార్బన్, ఒక శాతం పెరిగితే, 100 మిల్లీమీటర్ల లోతుకు మొక్కకు అందే నీరు సగటున 1.16 మిల్లీమీటర్లే పెరుగుతుందని తేలింది. లాభం ఇసుక నేలల్లో ఎక్కువ, బంకనేలల్లో తక్కువ. అడుగు లోతుకు లెక్కేస్తే చదరపు మీటరుకు మూడున్నర లీటర్లు. మే నెలలో పచ్చని మడికి అది ఒక్క రోజుకైనా చాలదు. ఆ ఒక్క శాతం కోసం చదరపు మీటరుకు ఇరవై కిలోలకు పైనే ఎండు కంపోస్టు కావాలి. మన వేడికి అందులో చాలా భాగం త్వరగానే కుళ్లి గాలిలో కలిసిపోతుంది.

అలాగని పెంటకుప్పను పారేయనక్కర్లేదు. చివికిన ఎరువు మట్టి రేణువులను చిన్న గుళికలుగా కూర్చుతుంది. అప్పుడు వాన పైపైన పారిపోకుండా లోపలికి ఇంకుతుంది, వేళ్లు లోతుకు వెళతాయి. నా దృష్టిలో రేగడికి ఎరువు చేసే అసలు మేలు ఇదే. నాలుగు తట్టల ఇసుక కలపడం మాత్రం దండగ. దాని గుణం మారాలంటే సగానికి సగం ఇసుకే కావాలి.

తడి నిలవాలంటే ముందు పైన కప్పాలి. వరిగడ్డి, చెరకు ఆకు, సోయా పొట్టు, ఏది చేతికందితే అది మూడు వేళ్ల మందాన పరిస్తే మట్టికి ఎండ, గాలి నేరుగా తగలవు, నెర్రెలూ తగ్గుతాయి. జొన్న చేలల్లో వరుసల మధ్య గుంటక తోలే రైతులు చేసేదీ ఇలాంటి పనే. వదులైన పైమట్టి నెర్రెలను పూడ్చి, కింది తడి పైకి ఎక్కే దారిని తెంపుతుంది.

గడ్డి మొక్క మొదలుకు తగలకూడదు, చెదలు పడతాయి. మృగశిర వానలు పట్టాక రేగడిలో ఆ పొరను పల్చన చేయాలి. లేకపోతే నీరు ఎక్కువై వేళ్లు కుళ్లుతాయి. రాయగడ ఎర్రనేలల్లో అయితే వానాకాలమంతా అలాగే ఉంచవచ్చు.